దడ ఆగాక తీసిన ఈసీజీలో ఏముంటుంది?

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖ మంత్రులకు,

నేను డాక్టర్ని కాను. సర్కారు ఆసుపత్రిలో ఈసీజీలు తీసి రిటైరైన టెక్నీషియన్ని. ఛాతీకి జెల్లీ రాసి, లీడ్లు పెట్టి, కాగితం చింపి డాక్టరుగారి టేబుల్ మీద పెట్టడం నా ఉద్యోగం. ఆ కాగితం గురించే ఈ ఉత్తరం. ఇద్దరికీ కలిపి ఒకటే రాస్తున్నాను. రాష్ట్రం పేరు మారినా రోగి కథ మారదు కాబట్టి.

ఈసీజీ గదికి దడతో వచ్చేవాళ్లలో ఒక రకం మనుషుల్ని చూసీ చూసీ గుర్తుపట్టడం వచ్చేసింది. ఎక్కువగా ఆడవాళ్లు. వంగి బిందె ఎత్తబోతేనో, మడిలో నాటు వేస్తూ నడుం ఎత్తితేనో ఉన్నట్టుండి గుండె పరుగు అందుకుంటుంది. నెమ్మదిగా పెరగడం ఉండదు, ఒక్క క్షణంలో మొదలవుతుంది. నిమిషానికి 180, 200. నాడి పట్టుకుంటే లెక్క వేళ్లకు అందదు. మెడలో ఏదో ఎగిరెగిరి పడుతున్నట్టు ఉంటుందంటారు, కళ్లు తిరుగుతాయి, చెమట పడుతుంది. పక్కింటివాళ్లు ఆటో పిలుస్తారు. ఓపీ చీటీ దగ్గర క్యూ, డ్యూటీ డాక్టరు దగ్గర క్యూ, ఆ తర్వాత నా గది బయట బెంచీ. ఈలోపు అది మొదలైనట్టే ఒక్క క్షణంలో ఆగిపోతుంది. ఆగాక ఒంటేలుకి రెండు మూడు సార్లు వెళ్లాల్సి వస్తుంది. పై గదుల్లో ఒత్తిడి పెరిగినప్పుడు గుండె వదిలే ఒక హార్మోను వల్ల అలా అవుతుందట. ఆ మాట ఆవిడ సిగ్గుపడి డాక్టరుకి చెప్పదు, ఆయనా అడగడు. నేను లీడ్లు పెట్టేసరికి గుండె బుద్ధిగా 80 కొట్టుకుంటూ ఉంటుంది. కాగితం నెత్తిన మిషనే ‘నార్మల్’ అని అచ్చు వేసేస్తుంది.

అక్కడితో కేసు మూసేస్తారు. గ్యాస్ అంటారు, టెన్షన్ అంటారు, నరాల బలహీనత అంటారు. నిద్ర మాత్ర ఒకటి, గ్యాస్ మాత్ర ఒకటి. ఇంటికెళ్లాక అత్తగారు తాయెత్తు కట్టిస్తుంది. మూడు నెలలకు మళ్లీ అదే బెంచీ మీద అదే మనిషి. భర్త మొహంలో ఈసారి కంగారు ఉండదు, విసుగు ఉంటుంది.

ఇది మన పల్లెల అజ్ఞానం అని మీ అధికారులు తేల్చేయకుండా ఒక సంగతి చెబుతాను. 1997లో అమెరికా వైద్య పత్రిక ఒకదానిలో ఒక పరిశోధన వచ్చింది. గుండె పైభాగం నుంచి పుట్టే ఈ రకం దడ, అంటే ఎస్‌వీటీ, ఉందని చివరికి రుజువైన 107 మందిని తీసుకుని వెనక్కి వెళ్లి చూశారు. సగానికి పైగా మందిలో మొదటిసారి పరీక్షించినప్పుడు జబ్బు దొరకనే లేదు. అలా దొరకనివాళ్లలో సగం మంది నిజం తేలడానికి మూడేళ్లకు పైగానే ఆగాల్సి వచ్చింది. అలా జబ్బు దొరకని ఆడవాళ్లలో 65 శాతం మందికి గాభరా, ఆందోళన, ఒత్తిడి అని పేరు పెట్టారు. మగవాళ్లలో ఆ మాట విన్నది 32 శాతమే. అన్ని మిషన్లున్న దేశంలోనే ఆడమనిషి దడ అంటే మనసు జబ్బు అన్నారు. మన ఏరియా ఆసుపత్రిలో ఇంకేం అంటారు?

అసలు లోపల జరిగేది ఇది. గుండె కొట్టుకోవడానికి కరెంటు పై కుడి గదిలో పుడుతుంది. పై గదుల నుంచి కింది గదులకు దిగడానికి మామూలుగా ఒకే దారి, మధ్యలో ఏవీ నోడ్ అనే చిన్న కణాల ముద్ద. కొంతమందికి ఆ ముద్ద దగ్గరే రెండు దారులుంటాయి, ఒకటి వేగంగా పోయేది, ఒకటి నింపాదిగా పోయేది. ఇంకొంతమందికి పుట్టుకతోనే పై గదికీ కింది గదికీ మధ్య వేరేచోట ఒక సన్నని కండ పోగు మిగిలిపోయి దొంగదారి అవుతుంది. ఎప్పుడో ఒక తప్పుడు బీటు పడుతుంది. అది ఒక దారిన దిగి రెండో దారిన తిరిగి పైకెక్కుతుంది, మళ్లీ దిగుతుంది. అంతే, గానుగెద్దులా అక్కడక్కడే తిరగడం మొదలుపెడుతుంది. ఒక్కో చుట్టుకీ గుండె ఒక్కసారి కొట్టుకుంటుంది. చుట్టు తెగిందా, దడ ఆగింది. ఇందులో మనసు చేసిన తప్పేమీ లేదు.

దొంగదారి ఉన్నవాళ్లలో చాలామందికి దడ లేనప్పుడు తీసిన ఈసీజీలోనూ ఒక గుర్తు కనిపిస్తుంది. కింది గది గీత మొదట్లో చిన్న వాలు ఉంటుంది. 1930లో వుల్ఫ్, పార్కిన్‌సన్, వైట్ అనే ముగ్గురు డాక్టర్లు ఆరోగ్యంగా ఉన్న కుర్రవాళ్లలో దీన్ని వర్ణించారు, అందుకే డబ్ల్యూపీడబ్ల్యూ అంటారు. మొదటి రకానికి, అంటే ఏవీ నోడ్ దగ్గర రెండు దారులున్న రకానికి, ఆ అదృష్టం లేదు. దడ ఆగితే సాధారణంగా సాక్ష్యమూ పోతుంది. ఎస్‌వీటీల్లో ఎక్కువగా కనబడేది అదే, మగవాళ్ల కంటే ఆడవాళ్లకే ఎక్కువ. నా బెంచీ మీద ఎవరు ఎందుకు కూర్చునేవారో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

దీని వైద్యం కథ మందుల షాపులో మొదలు కాలేదు. 1967లో ఆమ్‌స్టర్‌డామ్‌లో డ్యురర్, వెల్లెన్స్ బృందం గుండెలోకి సన్నని తీగలు పంపి, సరైన క్షణంలో ఒక చిన్న కరెంటు దెబ్బ ఇస్తే దడ పుడుతుందనీ, మరో దెబ్బ ఇస్తే ఆగుతుందనీ చూపించారు. అంటే ఆ జబ్బు ఉంటే దడను పుట్టించి చూడొచ్చు, పుట్టించగలిగితే ఎక్కడ తిరుగుతోందో కొలవొచ్చు. ఈపీ స్టడీ, అంటే ఎలక్ట్రోఫిజియాలజీ పరీక్ష, ఇప్పటికీ మూలంలో ఇదే. మరుసటి ఏడాది అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయంలో సీలీ అనే సర్జన్ గుండె తెరిచి ఒక దొంగదారిని కోసేశాడు. దడ నయమైన ఆ మనిషి నార్త్ కరోలినా తీరంలో చేపలు పట్టుకునే మత్స్యకారుడు. ఈ చరిత్రలో నాకు బాగా నచ్చిన ముక్క అదే. మొట్టమొదటి లబ్ధిదారు వేటకెళ్తే తప్ప పూట గడవని మనిషి. ఇప్పుడు మన దగ్గర ఇది జీతం, బీమా ఉన్నవాళ్ల వైద్యంగా మారిపోయింది.

ఆ తర్వాత గుండె కోయాల్సిన అవసరం పోయింది. 1969లో షెర్లాగ్ బృందం, ఏవీ నోడ్ నుంచి కింది గదులకు కరెంటు దింపే హిస్ కట్ట దగ్గరి కరెంటును తీగతో పట్టుకుని నమోదు చేసింది. 1980ల మొదట్లో శాన్‌ఫ్రాన్సిస్కోలో షైన్‌మాన్ తీగ ద్వారానే లోపల షాక్ ఇచ్చి దారిని మూసే పద్ధతి తెచ్చాడు, అది కొంచెం మోటు పద్ధతి. షాక్ బదులు రేడియో తరంగాల వేడి వచ్చాక పని నాజూకైంది. 1991లో ఓక్లహోమాకు చెందిన జాక్‌మన్ బృందం దొంగదారులున్న 166 మందికి చేస్తే 164 మందిలో ఆ దారి పోయింది. ఇన్నేళ్లయింది. కొత్త వైద్యం, ఇంకా పరీక్షల్లో ఉంది అనడానికి లేదు.

ఆ టేబుల్ మీద ఏం జరుగుతుందో మంత్రులు తెలుసుకోవాలి, ఎందుకంటే ‘గుండెలో కరెంటు పెడతారట’ అని భయపడి చీటీ చింపేసిన కుటుంబాలు నాకు తెలుసు. గజ్జ దగ్గర మత్తు సూది ఇస్తారు. అక్కడి సిరలోంచి మూడు నాలుగు సన్నని తీగలు ఎక్కిస్తారు. ఎక్స్‌రే తెర మీద చూస్తూ ఒకటి పై గదిలో, ఒకటి కింది గదిలో, ఒకటి హిస్ కట్ట దగ్గర, ఒకటి గుండె వెనక సిరలో పెడతారు. రోగి చాలావరకు మెలకువగానే ఉంటుంది. బయట గదిలో తెర మీద ఒక్కోచోట కరెంటు ఎప్పుడు చేరిందో మిల్లీసెకన్లలో కనిపిస్తుంది. డాక్టరు వరసగా కొన్ని బీట్లు ఇచ్చి, చివర ఒకటి కొంచెం ముందుగా ఇస్తాడు. మళ్లీ ఇంకో పది మిల్లీసెకన్లు ముందుకి. మళ్లీ ఇంకో పది. ఒకచోట వేగం దారి చేతులెత్తేస్తుంది, కరెంటు నింపాది దారి పడుతుంది, గీతలు ఒక్కసారిగా దగ్గర దగ్గరగా వచ్చేస్తాయి. కొన్నిసార్లు అంత తేలిగ్గా రాదు, ఐసోప్రినలిన్ అనే మందు ఎక్కించి గుండెను రేపాలి. వచ్చాక డాక్టరు అడుగుతాడు, “అమ్మా, ఇంట్లో వచ్చేది ఇదేనా?”

ఏళ్ల తరబడి టెన్షన్ అని చెప్పించుకున్న ఆడమనిషికి ఆ ప్రశ్నే సగం వైద్యం అని నా అభిప్రాయం. తెర మీద అందరికీ కనిపిస్తోంది. ఒక బీటుతో తెచ్చారు, ఇంకో బీటుతో ఆపేశారు. ఇక ఎవరూ ఆవిడ మనసు జోలికి పోరు.

ఆ తర్వాత కాల్చే తీగ. రెండు దారుల రకమైతే నింపాది దారిని, దొంగదారి రకమైతే ఆ పోగుని వెతికి, తీగ మొన దగ్గర సుమారు 50, 60 డిగ్రీల వేడి ఒక అర నిమిషం, నిమిషం ఇస్తారు. కాలేది కొన్ని మిల్లీమీటర్ల మేర మాత్రమే. మళ్లీ పుట్టించి చూస్తారు. రాకపోతే కాసేపు ఆగి ఇంకోసారి చూసి తీగలు లాగేస్తారు. గజ్జ మీద కట్టు, కాలు కదపకుండా కొన్ని గంటలు, చాలామంది మర్నాడు ఇంటికి. ఈ రెండు రకాల్లోనూ నూటికి తొంభై అయిదుకు అటూ ఇటూ మందికి నయమవుతుంది. కొద్దిమందికి తిరగబెడితే మళ్లీ చెయ్యాల్సి వస్తుంది. ప్రమాదమూ ఉంది, దాచకూడదు. నింపాది దారి ఏవీ నోడ్ పక్కనే ఉంటుంది కాబట్టి సుమారు నూటికి ఒకరికి, అనుభవమున్న చోట అంతకంటే తక్కువమందికి, అసలు దారే దెబ్బతిని పేస్‌మేకర్ అవసరం కావచ్చు. సంతకం పెట్టించుకునేముందు ఈ మాట తెలుగులో, కూర్చోబెట్టి చెప్పాలి.

దడ వచ్చిన ప్రతి మనిషినీ ఈ టేబుల్ ఎక్కించమనడం లేదు. రక్తహీనత, థైరాయిడ్, జ్వరం, నిజంగానే ఆందోళన ఉన్నవాళ్లకూ గుండె వేగం పెరుగుతుంది. కానీ అది మెల్లగా ఎక్కి మెల్లగా దిగుతుంది, గీతలు వేరుగా ఉంటాయి. గతంలో గుండెపోటు వచ్చినవాళ్లకు కింది గదుల నుంచి వచ్చే వేగం మరీ వేరు. అక్కడ ప్రాణమే పోవచ్చు, వాళ్లలో చాలామందికి షాక్ ఇచ్చి కాపాడే ఐసీడీ అనే పరికరం పెట్టాల్సి వస్తుంది. ఏది ఏదో తేల్చాల్సింది దడ ఉన్నప్పుడు తీసిన కాగితం.

మిమ్మల్ని ఇంతదూరం తీసుకొచ్చింది ఆ కాగితం దగ్గరికే. మంత్రిగారూ, మీ ఆసుపత్రుల్లో ఈసీజీ మిషన్లు ఉన్నాయి. లేనిది వరస మార్చే అధికారం. నాడి 150 దాటిన మనిషి గుమ్మంలోకి రాగానే చీటీ, బీపీ, బరువు అన్నీ పక్కన పెట్టి ముందు 12 లీడ్ల ఈసీజీ తియ్యాలి. నాలాంటి టెక్నీషియనో, సిస్టరో డాక్టరు రాత కోసం ఎదురు చూడకుండా తీసెయ్యొచ్చని ఒక ఉత్తర్వు ఉండాలి. ఇప్పుడు అలా చేస్తే ‘నిన్నెవరు తియ్యమన్నారు’ అంటారు. గీత చదవడానికి కూడా పెద్ద చదువు అక్కర్లేదు. కాగితం సెకనుకి 25 మిల్లీమీటర్లు నడుస్తుంది. రెండు బీట్ల మధ్య రెండు పెద్ద గళ్లుంటే వేగం 150, ఒకటిన్నర గడి అయితే 200. ఇది ఏ సిస్టరుకైనా అయిదు నిమిషాల్లో నేర్పొచ్చు.

రెండోది, మందు. గీతలు సన్నగా, ఎడం సమానంగా ఉండి బీపీ నిలకడగా ఉంటే ముందు మందే అక్కర్లేదు. 10 మిల్లీలీటర్ల సిరంజిలోకి గట్టిగా 15 సెకన్లు ఊదించి, వెంటనే వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు 15 సెకన్లు పైకెత్తాలి. 2015లో ఇంగ్లండ్‌లో 428 మంది మీద చేసిన పరీక్షలో ఇలా చేస్తే 43 శాతం మందికి దడ ఆగింది, కాళ్లు ఎత్తకుండా పాత పద్ధతిలో ఊదిస్తే 17 శాతానికే. ఖర్చు ఒక సిరంజి. అప్పటికీ ఆగకపోతే అడినోసిన్. 6 మిల్లీగ్రాములు పెద్ద సిరలోకి ఒక్క తోపుగా ఇచ్చి, వెంటనే సెలైన్ తొయ్యాలి. ఒంట్లో అది కొద్ది సెకన్లే ఉంటుంది. ఆ కొద్ది సెకన్లు రోగికి ప్రాణం పోతున్నట్టు అనిపిస్తుంది, ముందే చెప్పాలి. ఉబ్బసం ఉన్నవాళ్లకు ఇవ్వకూడదు.

ఇక్కడే నా వృత్తి తరఫున గట్టిగా చెప్పే మాట ఒకటుంది. అడినోసిన్ ఎక్కిస్తున్నంతసేపూ మిషన్ నడుస్తూనే ఉండాలి, కాగితం వస్తూనే ఉండాలి. దడ తెగే ఆ చోట, చివరి గీత ఎలా ఆగిందన్నది చూసి ఈపీ డాక్టరు సగం విషయం చెప్పేస్తాడు. మన దగ్గర ఏం చేస్తారంటే, దడ ఆగగానే అందరూ ఊపిరి పీల్చుకుని మిషన్ ఆపేస్తారు. వచ్చిన ముక్క కేస్ షీట్లో పడుతుంది. రోగి చేతిలో మాత్రం ‘గుండె దడ, తగ్గింది’ అని రాసిన చీటీ. ఆవిడ రేపు హైదరాబాద్ వెళ్లి పెద్ద డాక్టరు ముందు కూర్చుంటే చూపించడానికి ఏముంది? నిజం చెప్పాలంటే కాగితం ఇచ్చినా చాలదు. వేడితో అచ్చయ్యే ఈసీజీ కాగితం బీరువాలో పెడితే కొన్నాళ్లకు వెలిసిపోతుంది. జిరాక్స్ తీసి ఇవ్వాలి, ఫోన్లో ఫోటో తీయించాలి. ఈ ఉత్తరం మొత్తం మీద అతి చవకైన విన్నపం ఇదే, దీనికి బడ్జెట్ కూడా అక్కర్లేదు.

హైటెక్ సిటీ కుర్రాడి మణికట్టు మీద ఈసీజీ తీసే వాచీ ఉంది. దడ రాగానే వేలు ఆనిస్తాడు, ఫోన్లో పటం వస్తుంది, ఆ రాత్రే డాక్టరుకి వాట్సాప్ చేస్తాడు. ఒక్క లీడే అయినా సాక్ష్యం సాక్ష్యమే. మంచిదే, వాడికీ జబ్బే కదా. నాటు వేసే ఆవిడకు ఆ వాచీ లేదు. నెలకోసారి వచ్చే దడకు ఒంటికి తగిలించే 24 గంటల హోల్టర్ మిషన్ పెట్టి ‘ఏమీ లేదు’ అని రాస్తే అది పరీక్ష కాదు, తతంగం. ఆవిడకు ఉన్నది మీ ఆసుపత్రి, మీ 108 బండి. మానిటర్ ఉన్న 108లో ఎక్కించగానే రిథమ్ ప్రింటు తీసి రోగితో పంపమని ఆ సిబ్బందికి చెబితే ఎన్నో ఏళ్ల తిరుగుడు తప్పుతుంది.

గీత చదవడంలో అనుమానం వస్తే అడగడానికి దారి మీరే వేశారు. గుండెపోటు కోసం చిన్న ఆసుపత్రిలో తీసిన ఈసీజీని పెద్ద ఆసుపత్రికి పంపి, అక్కడి కార్డియాలజిస్టు చెప్పగానే గడ్డ కరిగించే టెనెక్టెప్లేస్ ఇచ్చే పద్ధతి రెండు రాష్ట్రాల్లోనూ మొదలైంది. అదే దారిలో వేగం గీతల్ని కూడా పంపనివ్వండి. ఇది తప్పనిసరి కావడానికి ఒక కారణం ఉంది. డబ్ల్యూపీడబ్ల్యూ ఉన్నవాళ్లకు ఒక్కోసారి పై గదులు చిందరవందరగా కొట్టుకుని ఆ కరెంటంతా దొంగదారిన కింది గదుల మీద పడుతుంది. గీతలు వెడల్పుగా, ఎడం సమానంగా లేకుండా, చాలా వేగంగా వస్తాయి. అప్పుడు మామూలు దడే అనుకుని వెరాపమిల్ లాంటి మందు ఇస్తే ప్రాణం మీదికి రావచ్చు. రాత్రి రెండు గంటలకు ఒంటరిగా డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరుకి ఫోన్లో ఒక గొంతు కావాలి.

ఇక ఈపీ ల్యాబ్ సంగతి. ఆయుష్మాన్ భారత్ ప్యాకేజీల్లో ఈపీ స్టడీ, అబ్లేషన్ (పైన చెప్పిన కాల్చే వైద్యం) పేర్లు ఉన్నాయి. పేరు ఉండటం వేరు, జిల్లా మనిషికి టేబుల్ దొరకడం వేరు. యాంజియోగ్రామ్ చేసే క్యాథ్ ల్యాబ్ ఉన్నచోట ఈపీ రికార్డింగ్ వ్యవస్థ, బీట్లు ఇచ్చే స్టిమ్యులేటర్, రేడియో తరంగాల జనరేటర్ చేరిస్తే మామూలు ఎస్‌వీటీలకు చాలు, ఖరీదైన త్రీడీ మ్యాపింగ్ అన్నింటికీ అక్కర్లేదు. దొరకనిది మనుషులు. కార్డియాలజీ చదివాక మళ్లీ ఒకటి రెండేళ్లు దీనికే కేటాయించి నేర్చుకోవాలి, పక్కన తెర చదివే టెక్నీషియన్ తయారవ్వాలి. పాత బోధనాసుపత్రుల్లో కోస్తాకి ఒకటి, రాయలసీమకి ఒకటి, ఉత్తర తెలంగాణకు ఒకటి చొప్పున ఎంచుకుని ఆ చదువుకి సీట్లు, టెక్నీషియన్లకు శిక్షణ పెట్టండి. స్టెంట్ల లెక్క చూపించుకోవడం తేలిక, దడ నయం చేసిన లెక్క ఎవరూ అడగరు. అడిగే మంత్రి ఒకరు కావాలి.

ఆలస్యమైతే నష్టాలు ఇంకా ఉన్నాయి. గర్భవతులకు ఈ దడ ఎక్కువ కావచ్చు, అప్పుడు మందులకూ ఎక్స్‌రేకీ భయపడాలి. పెళ్లైన కొత్తలోనే పట్టుకుని నయం చేస్తే ఆ ఇబ్బంది రాదు. ఇంకొందరికి దడ నెలల తరబడి ఆగకుండా నడిచి గుండె కండరమే నీరసిస్తుంది. వేగం ఆపితే చాలామందిలో అది తిరిగి కోలుకుంటుంది కూడా. మాత్రలు జీవితాంతం మింగుతూ, ఎప్పుడొస్తుందో అని బస్సెక్కడానికి, చెరువుకెళ్లడానికి భయపడుతూ బతకాల్సిన జబ్బు కాదు ఇది. మర్నాడు ఇంటికి పంపగలిగిన జబ్బు.

అందుకని మంత్రులిద్దరికీ నా విజ్ఞప్తి. ల్యాబులకు టైం పడుతుందని నాకు తెలుసు. ఈ లోపల ఒక్క పేజీ సర్క్యులర్ ఇవ్వండి. దడతో వచ్చిన మనిషికి చీటీ కంటే ముందు ఈసీజీ తియ్యాలి, అడినోసిన్ నడుస్తుండగా కాగితం ఆపకూడదు, ఆ కాగితం నకలు రోగి చేతికి ఇవ్వకుండా డిశ్చార్జి చెయ్యకూడదు. పీహెచ్‌సీ నుంచి బోధనాసుపత్రి దాకా ప్రతి క్యాజువాలిటీ గోడ మీదా, ఈసీజీ గది తలుపు మీదా, దాన్ని తెలుగులో అంటించమనండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఈసీజీ టెక్నీషియన్